ఖాళీగా ఉండిపోయిన పదహారు కుర్చీలు

బేగంబజార్‌లో ఇప్పటికీ కొందరు సేఠ్‌లు దీపావళినాడు కొత్త ఖాతా పుస్తకం తెరుస్తారు. ఎర్రగుడ్డ అట్ట, మొదటి పేజీలో స్వస్తిక్, ‘శుభ్ లాభ్’ అన్న రెండు మాటలు, వినాయకుడి పేరో లక్ష్మీదేవి పేరో. ఆ తరువాతే జమలూ, ఖర్చులూ, అప్పులూ. మొదటి పేజీలో ఎవరి పేరు రాశారో చూస్తే చాలు, ఆ వ్యాపారం ఎవరి అండ చూసుకుని నడుస్తోందో తెలిసిపోతుంది.

దేశాలకీ అంతే. పాత శాసనాలు చూడండి. మొదట రాజుగారి బిరుదులు, తరువాత ఆయన తాతముత్తాతల ఘనకార్యాలు, ఆ తరువాత ఎక్కడో అసలు విషయం. దేశం రాజుగారిది కాబట్టి మొదటి పేరూ ఆయనదే. అలాంటిది, దేవుడి పేరూ రాజు పేరూ కూడా లేకుండా, ‘ప్రజలమైన మేము’ అంటూ ఒక దేశం తన ఖాతా పుస్తకం తెరవడం 1787 నాటికి పెద్ద వింత. ఆ వింత చేసింది అమెరికా. ఆ తరువాత నూట అరవై రెండేళ్ళకి మనమూ అదే మాటతో మన పుస్తకం తెరిచాం.

కానీ ఆ ‘మేము’ అన్న మాట ఉంది చూశారూ, అది చాలా చిక్కు మాట. పెళ్ళిపిలుపులో ‘మేమందరం వస్తున్నాం’ అని ఇంటిపెద్ద అనేస్తాడు. ఆ అందరిలో ఎవరెవరున్నారో, వాళ్ళని ఎవరైనా అడిగారో లేదో, బండి కదిలేటప్పుడుగాని తెలియదు. అమెరికావాళ్ళ ‘మేము’లో ఎవరున్నారు? మన ‘మేము’లో ఎవరున్నారు? మరీ ముఖ్యంగా, మూసీ ఒడ్డునున్న ఈ బేగంబజార్ జనం ఆ ‘మేము’లో ఎప్పుడు చేరారు? ఎవరు చేర్చారు? ఈ చిన్న ప్రశ్న పట్టుకుని వెడితే చాలా దూరమే వెళ్ళాల్సి వస్తుంది.

ముందు ఫిలడెల్ఫియా వెళ్ళి వద్దాం.

1787 మే 25న అక్కడ సభ మొదలైంది. ఆ ఎండాకాలమంతా వచ్చీ పోతూ సభలో కూర్చున్నవాళ్ళు మొత్తం 55 మంది. అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్. అందరిలోకీ పెద్దవాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్, ఎనభై ఒక్కేళ్ళ ముసలాయన. ఆ రాజ్యాంగానికి మూలపురుషుడని చెప్పే జేమ్స్ మాడిసన్‌కి అప్పటికి ముప్ఫై ఆరేళ్ళు. జెఫర్సన్, జాన్ ఆడమ్స్ లాంటి ఉద్దండులు ఆ సభలో లేనే లేరు. ఒకరు పారిస్‌లోనూ, ఒకరు లండన్‌లోనూ రాయబారులుగా ఉన్నారు. లోపల మాట్లాడుకునే మాట బయటికి పొక్కకూడదని సభవాళ్ళు ఒట్టు పెట్టుకున్నారు. అంత ఉక్కలోనూ కిటికీలు మూసుకుని కూర్చున్నారు. ఎవరేమన్నారో మాడిసన్ రోజూ రాసి పెట్టుకున్నాడు గాని, అది అచ్చయింది ఆయన పోయాక, 1840లో. సెప్టెంబరు 17న 39 మంది సంతకాలు చేసి బయటికొచ్చారు.

ఇక్కడ ఒక తమాషా సంగతుంది. ఆగస్టులో తయారైన చిత్తుప్రతిలో ‘ప్రజలమైన మేము’ అన్న తరువాత పదమూడు రాష్ట్రాల పేర్లూ వరసగా రాశారు. ఫలానా రాష్ట్రం, ఫలానా రాష్ట్రం ప్రజలమైన మేము అని. తీరా చివరికి భాష సరిచూసే పని గవర్నర్ మారిస్ చేతికొచ్చింది. గవర్నర్ అంటే హోదా కాదు, ఆయన పేరే అది. ఒక కాలు కొయ్యకాలు, కలం మాత్రం బహు చురుకు. పదమూడింటిలో తొమ్మిది రాష్ట్రాలు ఒప్పుకుంటే చాలు, రాజ్యాంగం అమలులోకి వస్తుందని సభ నిర్ణయించింది. మరి ఏ తొమ్మిది ఒప్పుకుంటాయో ముందే ఎలా తెలుస్తుంది? ఒప్పుకోని రాష్ట్రం పేరు మొదటి వాక్యంలోనే కూర్చుంటే ఎంత నగుబాటు! అందుకని పేర్లన్నీ తీసేసి ‘అమెరికా సంయుక్త రాష్ట్రాల ప్రజలమైన మేము’ అని ఊరుకున్నారు. ప్రపంచమంతా ఈనాటికీ తలుచుకునే ఆ గొప్ప వాక్యం వెనక ఇంటి పెద్దల ముందుజాగ్రత్త కూడా ఉందన్నమాట.

ఆ జాగ్రత్త వృథా పోలేదు. సభకి వచ్చినవి పన్నెండు రాష్ట్రాలే. పదమూడోది, రోడ్ ఐలండ్ అనే చిన్న రాష్ట్రం, మనుషుల్నే పంపలేదు. అక్కడి శాసనసభ అప్పుల్లో మునిగిన రైతుల చేతుల్లో ఉంది. వాళ్ళు కాగితం డబ్బు అచ్చు వేసుకుని అప్పులు తీర్చుకుంటున్నారు. కొత్త ప్రభుత్వం వస్తే ఆ ఆట కట్టవుతుందని వాళ్ళ భయం. రేవు పట్నాల్లోని వర్తకులకి మాత్రం అందరితో కలవాలని ఉంది. 1788లో జనాన్ని ఓటు అడిగితే, వద్దన్నవాళ్ళు కావాలన్నవాళ్ళకి పదిరెట్లకు పైగా తేలారు. కావాలన్న పక్షంవాళ్ళు చాలామంది ఆ ఓటుకే రాలేదనుకోండి. 1789 ఏప్రిల్‌లో వాషింగ్టన్ అధ్యక్షుడిగా ప్రమాణం చేసే నాటికి ఆ రాష్ట్రం ఇంకా బయటే ఉంది. చివరికి, నీతో వర్తకమే మానేస్తాం, పరాయిదేశంగా చూస్తామని సెనేట్ బెదిరించాక, 1790 మే 29న అక్కడి ప్రతినిధులు ఓటు వేశారు. కలుద్దామన్నవారు 34, వద్దన్నవారు 32. రెండంటే రెండు ఓట్ల తేడాతో పదమూడో రాష్ట్రం ఇంట్లోకొచ్చింది.

ఈ రోడ్ ఐలండ్‌ని కాస్త గుర్తు పెట్టుకోండి. మళ్ళీ పని పడుతుంది.

ఇక ఆ ‘మేము’లో ఎవరు లేరో కూడా చెప్పుకోవాలి. బానిసలుగా ఉన్న నల్లవారు లేరు. ప్రతినిధుల లెక్క కోసం మాత్రం ఆ బానిసల్లో ప్రతి అయిదుగురినీ ముగ్గురిగా లెక్క వేసుకున్నారు. మనిషి పనికి రాడు, మనిషి లెక్క మాత్రం పనికొస్తుంది! ఆడవాళ్ళు లేరు. 1776లోనే జాన్ ఆడమ్స్ భార్య అబిగైల్ మొగుడికి ఉత్తరం రాసింది. కొత్త చట్టాలు చేసేటప్పుడు ఆడవాళ్ళని కాస్త తలుచుకోండి, మొగవాళ్ళ చేతికి హద్దులేని అధికారం ఇవ్వకండి అని. ఆయన నవ్వొచ్చిందని జవాబు రాశాడు. ఆ నవ్వు తీరి, అమెరికా రాజ్యాంగంలో ఆడవాళ్ళకి ఓటు రాయడానికి 1920 దాకా పట్టింది. నూట నలభై నాలుగేళ్ళు!

మన సంగతికొద్దాం. ఢిల్లీలో రాజ్యాంగసభ మొదటిసారి కూర్చున్నది 1946 డిసెంబరు 9న. పని పూర్తయింది 1949 నవంబరు 26న. దాదాపు మూడేళ్ళు. మనవాళ్ళు కిటికీలు మూసుకోలేదు. పత్రికలవాళ్ళు కూర్చున్నారు, గ్యాలరీలో 53 వేలమంది జనం వచ్చి చూసి వెళ్ళారని రాజేంద్రప్రసాద్ చివరిరోజున చెప్పారు. సవరణలంటూ వచ్చినవి 7,635. సభలో చర్చకి తెచ్చినవి 2,473. అమెరికావాళ్ళది ఏడు అధికరణాల చిన్న పుస్తకం. మనది 395 అధికరణాలు, 8 షెడ్యూళ్ళతో పెద్ద గ్రంథం. మనవాళ్ళ పెళ్ళిభోజనంలాగా ఏదీ మానలేదు.

అందులో తెలుగువాళ్ళ చెయ్యి చిన్నదేం కాదు. అంబేద్కర్ అధ్యక్షుడుగా ఏడుగురితో వేసిన రచనా సంఘంలో అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఉన్నారు. పేరు చూసి అరవాయన అనుకునేవాళ్ళు చాలామందే. ఆయన 1883లో నెల్లూరు జిల్లా పుదూరులో పూజారి ఇంట పుట్టారు. చదువుకుని మద్రాసులో పెద్ద లాయరై, పదిహేనేళ్ళు అడ్వకేట్ జనరల్‌గా పనిచేశారు. ఆ సంఘంలోంచి ఒకరు తప్పుకుంటే ఆ చోటులోకి వచ్చిన న్యాపతి మాధవరావు కూడా తెలుగువారే, మైసూరుకి దివాన్‌గిరీ చేసినవారు. ఇంక సభలో చూస్తే టంగుటూరి ప్రకాశం, పట్టాభి సీతారామయ్య, ఎన్.జి. రంగా, అనంతశయనం అయ్యంగార్, నీలం సంజీవరెడ్డి, కళా వెంకటరావు, కల్లూరు సుబ్బారావు, మోటూరి సత్యనారాయణ. ప్రకాశంగారు పల్లెటూరి పంచాయతీ పునాదిగా లేని రాజ్యాంగం ఎందుకని మొదటినుంచీ పట్టుబట్టారు. 1948 నవంబరులో పంచాయతీల అధికరణం చేరినప్పుడు లేచి సంతోషంగా బలపరిచారు.

అమెరికా మూలపురుషుల నీడ మన సభ మీద ఎంత పడిందో అల్లాడివారి మాటల్లో చూడొచ్చు. రాజ్యాంగసభ సలహాదారు బి.ఎన్. రావు 1947 చివర్లో అమెరికా వెళ్ళి అక్కడి సుప్రీంకోర్టు జడ్జి ఫ్రాంక్‌ఫర్టర్‌ని కలిశారు. మనిషి ప్రాణం, స్వేచ్ఛ తీసేముందు ‘తగిన న్యాయప్రక్రియ’ జరగాలని అమెరికా రాజ్యాంగంలో ఒక మాట ఉంది. ఆ మాట పట్టుకుని అక్కడి జడ్జీలు కూలీల మేలు కోరి చేసిన చట్టాలను కూడా కొట్టేశారు, మీరు ఆ మాట పెట్టుకోకండని ఫ్రాంక్‌ఫర్టర్ సలహా ఇచ్చారట. మన చిత్తుప్రతిలో ఆ మాట మారి ‘చట్టం నిర్ణయించిన పద్ధతి’ అయింది. 1948 డిసెంబరులో సభలో దీనిమీద పెద్ద వాదన. చాలామందికి పాత మాటే కావాలి. అమెరికా కోర్టులు ఆ మాటకి ఒక్కోసారి ఒక్కో అర్థం చెప్పాయని అల్లాడి వివరించారు. సభ కొత్త మాటకే ఒప్పుకుంది. జైల్లో మనిషిని పెట్టడానికి చట్టం ఉంటే చాలా, ఆ చట్టం న్యాయంగా కూడా ఉండాలా అన్న ప్రశ్న ఆ రెండు మాటల మధ్య ఉంది. మన సుప్రీంకోర్టు దానికి సరైన జవాబు చెప్పడానికి 1978 దాకా పట్టింది.

ఇంక దుర్గాబాయమ్మ. ఫిలడెల్ఫియాలో ఒక్క ఆడమనిషి లేదని చెప్పుకున్నాం కదా. మన సభలో పదిహేనుమంది ఉన్నారు. వాళ్ళలో మన రాజమండ్రి ఆడపడుచు ఒకావిడ. ఎనిమిదో ఏట పెళ్ళి చేశారు. పెద్దదయ్యాక ఆ పెళ్ళి వద్దని ధైర్యంగా తెంచుకుంది. 1923 కాకినాడ కాంగ్రెస్‌లో పద్నాలుగేళ్ళ వాలంటీరుగా, టిక్కెట్టు లేదని నెహ్రూనే గుమ్మం దగ్గర ఆపేసింది. జైలుకి వెళ్ళి వచ్చాక అప్పుడు మెట్రిక్ మొదలుపెట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి, మద్రాసులో లా పట్టా పుచ్చుకుంది. రాజ్యాంగసభలో కూర్చునేనాటికి ఆవిడకి ముప్ఫై ఏడేళ్ళు. ఇప్పటి రాజ్యసభకి నిలబడాలంటే ముప్ఫై అయిదేళ్ళుండాలని రాస్తే, కాదు ముప్ఫై చాలని సవరణ తెచ్చి గెలిపించింది ఆవిడే. తెలివితేటలు వయసుని బట్టి రావని ఆవిడ వాదన. అమెరికా సెనేట్‌కి కూడా ముప్ఫయ్యే. మూలపురుషులంటూ మన పిల్లల పాఠాల్లో ఫొటోలు వేస్తారు. ఆ వరసలో ఈ మూలస్త్రీల ఫొటోలు కూడా వేస్తే అబిగైల్ ఆత్మ శాంతిస్తుంది.

ఇంతమంది తెలుగువాళ్ళ పేర్లు చెప్పుకున్నాం గదా, ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. నెల్లూరు, రాజమండ్రి, ఒంగోలు వైపు, బందరు, తిరుచానూరు, అనంతపురం. వరంగల్ ఏదీ? నల్గొండ ఏదీ? పాలమూరు ఏదీ? హైదరాబాదు ఏదీ?

లేవు. పది లక్షల జనాభాకి ఒక్కరు చొప్పున లెక్క కట్టి, కోటీ అరవై లక్షల జనమున్న హైదరాబాదు సంస్థానానికి రాజ్యాంగసభలో పదహారు స్థానాలు కేటాయించారు. ఆ పదహారూ మొదటినుంచి చివరిదాకా ఖాళీగానే ఉండిపోయాయి. కుర్చీలంటే నిజంగా పదహారు కుర్చీలు వేసి దుమ్ము దులిపారని కాదు, లెక్కలో అన్నమాట. మిగిలిన పెద్ద సంస్థానాలన్నీ ముందో వెనకో ఎవరో ఒకర్ని పంపాయి. కాశ్మీరు కూడా పంపింది. పంపనిది మనదొక్కటే. చిత్రమేమిటంటే హైదరాబాదులో పుట్టి, ఇక్కడే కాపురం చేసిన సరోజినీనాయుడు ఆ సభలో ఉన్నారు. కానీ ఆవిడ వెళ్ళింది బీహారు తరఫున! ఆవిడ ఇల్లు ‘గోల్డెన్ త్రెషోల్డ్’ బేగంబజార్‌కి కూతవేటు దూరం. సొంత ఊరి పేరుతో కూర్చునే భాగ్యం మాత్రం లేకపోయింది.

ఎందుకిలా అయింది? బేగంబజార్ గల్లీలోంచే చూద్దాం.

ఈ బజారు పేరులోనే ఒక బేగం ఉంది. రెండో నిజాం నిజాం అలీఖాన్ భార్య హందాబేగం వర్తకులకి ఈ నేల ఇచ్చిందనీ, అందుకే ఈ పేరు వచ్చిందనీ చెబుతారు. మార్వాడీలు, అగర్వాల్‌లు, గుజరాతీలు, లోధీలు, తెలుగు వైశ్యులు, ముస్లిం వర్తకులు అందరూ ఇక్కడ చేరారు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగినప్పుడు ఈ చుట్టుపక్కలంతా కొట్టుకుపోయినా మళ్ళీ లేచి నిలబడ్డారు. గిన్నెలు, పప్పులు, జీడిపప్పు, మిరియాలు, కుంకుమ, పెళ్ళిసామాను అన్నీ ఇక్కడినుంచే సంస్థానమంతా వెళ్ళేవి. సర్కారుకి సుంకం కట్టేవాళ్ళు. కానీ ఆ సుంకం ఎంత ఉండాలో, దాన్ని ఏం చెయ్యాలో చెప్పే హక్కు వాళ్ళకి లేదు. అమెరికావాళ్ళు ఇంగ్లండు రాజు మీద తిరగబడింది సరిగ్గా ఈ మాట మీదే కదా!

హైదరాబాదులో శాసనమండలి అనేది లేకపోలేదు. 1893 నాటినుంచీ ఉంది. కానీ అందులో జనం ఎన్నుకున్నవాళ్ళు లేరనే చెప్పాలి. 1937లో, ఇక ఏదో ఒకటి చెయ్యక తప్పదని అరవముదు అయ్యంగార్ అధ్యక్షతన ఒక సంఘం వేశారు. 1939లో సంస్కరణలు ప్రకటించారు. వాటిలో ఒక కొత్త పద్ధతి కనిపెట్టారు. ఊరినిబట్టి, పేటనిబట్టి ఓటు కాదు, చేసే పనినిబట్టి ఓటు. జాగీర్దార్లకి ఇన్ని స్థానాలు, వర్తకులకి ఇన్ని, వడ్డీవ్యాపారులకి ఇన్ని, వకీళ్ళకి, డాక్టర్లకి, పట్టభద్రులకి ఇన్ని అని. అందులోనూ ఎన్నికయ్యేవాళ్ళు సగానికి తక్కువ. హిందువులకూ ముస్లింలకూ సగం సగం. ఇన్నీ చేసి, మంత్రులు జవాబు చెప్పేది మాత్రం ఆ సభకి కాదు, ప్రభువులకే.

ఆ లెక్కన బేగంబజార్ సేఠ్‌కి వర్తకుడిగా ఒక గొంతు దొరుకుతుంది. ఆయన కొట్లో బస్తాలు మోసే హమాలీకి దొరకదు. సేఠ్‌గారి భార్యకి దొరకదు. కొట్టు ముందు తట్టలో నిమ్మకాయలు పెట్టుకుని అమ్ముకునే ముసలమ్మకి అసలే దొరకదు. మనిషి అయినందుకు హక్కు కాదు, ఏదో ఒక పుస్తకంలో పేరుంటే హక్కు. 1946లో ఆ సభకి ఎన్నికలు పెడితే స్టేట్ కాంగ్రెస్ బహిష్కరించింది. ఆ కాంగ్రెస్ కూడా 1938లో పుడుతూనే నిషేధం తెచ్చుకున్న సంస్థ.

1947 జూన్‌లో నిజాం ఫర్మానా వేశారు. ఇంగ్లీషువాళ్ళు వెళ్ళిపోగానే హైదరాబాదు స్వతంత్ర రాజ్యమవుతుందనీ, ఢిల్లీ రాజ్యాంగసభకి ప్రతినిధుల్ని పంపేది లేదనీ. రాజ్యాంగ విషయాల్లో సలహాకి ఆయన ఇంగ్లండు నుంచి సర్ వాల్టర్ మాంక్టన్‌ని తెచ్చుకున్నారు. చేరాలని అడిగినవాళ్ళతో జైళ్ళు నిండాయి. నవంబరు 29న ఏడాది పాటు యథాతథ ఒప్పందం కుదిరింది. ఒకవైపు పల్లెల్లో రైతుల పోరాటం, ఒకవైపు రజాకార్ల దౌర్జన్యాలు. భారత ప్రభుత్వం సరుకులు రానివ్వడం లేదని నిజాం సర్కారు ఐక్యరాజ్యసమితి దాకా వెళ్ళి మొరపెట్టుకుంది. 1948 సెప్టెంబరు 13న సైన్యం దిగింది, 17న నిజాం లొంగిపోయారు. ఆ తరువాత కొన్ని జిల్లాల్లో ముస్లింల మీద ఘోరమైన హత్యాకాండ జరిగింది. దానిమీద సుందర్‌లాల్ బృందం ఇచ్చిన నివేదిక జనం కంటపడటానికి ఆరు దశాబ్దాలు పైగా పట్టింది. చరిత్ర చెప్పుకునేటప్పుడు ఈ పేజీ తిప్పేసి ముందుకు పోకూడదు.

ఇప్పుడు రోడ్ ఐలండ్‌ని గుర్తు చేసుకోండి. పైకి చూస్తే రెండు కథలూ ఒకటే. సభకి మనుషుల్ని పంపని రాష్ట్రం, కలవాలని కోరే వర్తకులు, వర్తకం ఆపేస్తామన్న వత్తిడి, చివరికి కలవడం. కానీ లోపల ఒక తేడా ఉంది. రోడ్ ఐలండ్‌లో ‘రాం’ అన్నది అక్కడ ఓటున్న జనం. ‘వస్తాం’ అన్నదీ ఆ జనం పంపిన మనుషులే, 34కి 32. మన హైదరాబాదులో ‘రాను’ అన్నది ఒక్క సంతకం. సైన్యం వచ్చి వెళ్ళాక ‘వస్తాను’ అన్నదీ ఆ ఒక్క సంతకమే. 1949 నవంబరు 23న నిజాం మరో ఫర్మానా వేశారు, ఢిల్లీలో తయారవుతున్న రాజ్యాంగమే హైదరాబాదు రాజ్యాంగమవుతుందని. మూడు రోజుల తరువాత సభ దాన్ని ఆమోదించింది. హైదరాబాదుతో సహా సంస్థానాలన్నీ ఒప్పుకున్నాయని సర్దార్ పటేల్ ఆ సభలో చెప్పారు. ‘ప్రజలమైన మేము’ అని మొదలయ్యే పుస్తకంలోకి మన ప్రజలు ఒక రాజుగారి ఫర్మానా పట్టుకుని వెళ్ళారు!

ఇదంతా లాయర్ల గొడవ, మామూలు మనిషికేం పట్టిందని అనుకోవద్దు. కొందరికి అది ప్రాణంమీదికి వచ్చింది. తెలంగాణ రైతాంగ పోరాటంలో పట్టుబడ్డవాళ్ళకి ప్రత్యేక ట్రిబ్యునళ్ళు ఉరిశిక్షలు వేశాయి. 1949 డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు వాటిని ఖాయం చేసింది. 1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి వచ్చింది. ఉరికంబం ఎక్కాల్సినవాళ్ళ తరఫున సుప్రీంకోర్టుకి వెళ్ళారు. డి.ఎన్. ప్రిట్ అనే పేరుపడ్డ ఇంగ్లీషు బారిస్టరు వచ్చి వాదించాడు. జనార్దనరెడ్డి కేసు అంటారు దాన్ని. సుప్రీంకోర్టు ఏమందంటే, హైకోర్టు తీర్పు చెప్పిననాటికి హైదరాబాదు కోర్టు భారత భూభాగంలోని కోర్టు కాదు, కాబట్టి ఆ తీర్పు మీద అప్పీలు వినే అధికారం మాకు లేదని. ఆరు వారాలు! ఆ తీర్పు ఆరు వారాలు ఆలస్యమైతే ఆ తలుపు తెరిచి ఉండేది. ఫర్మానా నవంబరులో, తీర్పు డిసెంబరులో, రాజ్యాంగం జనవరిలో. ఈ మూడు తేదీల సందున కొందరు రైతుబిడ్డల మెడలు ఇరుక్కున్నాయి. దేశమంతటా, విదేశాల్లోనూ గొడవ జరిగాక ఆ శిక్షలు యావజ్జీవంగా మారాయి గాని, లేకపోతే?

‘మేము’లో ఎప్పుడు చేరామన్నది తేదీల లెక్క కాదు, బతుకు లెక్క.

మరి ప్రజల మాట ఎప్పుడు అడిగారు? సంస్థానం ప్రజల ఆమోదం తీసుకోవాలన్న మాట ఆ రోజుల్లో వినిపించింది. అందుకోసం ఇక్కడ వేరే సభేదీ కొలువు తీరలేదు. నిజాం రాజప్రముఖ్ అయ్యారు, వెల్లోడి ముఖ్యమంత్రి అయ్యారు. ఇద్దర్నీ జనం ఎన్నుకోలేదు. అసలు ఆమోదం 1952లో, మొదటి సాధారణ ఎన్నికల్లో జరిగిందని నేను అనుకుంటాను. అప్పుడు బేగంబజార్ పేరుతో ఒక శాసనసభ నియోజకవర్గమే ఉండేది. ఈసారి సేఠ్‌కీ ఒక్క ఓటే, హమాలీకీ ఒక్క ఓటే. నిమ్మకాయల ముసలమ్మకీ ఒక్కటే. ఇరవై ఒక్కేళ్ళు నిండితే చాలు, ఏ పుస్తకంలోనూ పేరు ఉండక్కర్లేదు, ఓటర్ల జాబితాలో తప్ప.

ఆ జాబితాలో పేరే పెద్ద కథ. దేశం మొత్తం మీద దాదాపు 28 లక్షలమంది ఆడవాళ్ళ పేర్లు కొట్టేయాల్సి వచ్చింది. వాళ్ళు తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్యని, ఫలానావారి తల్లిని అని ఊరుకున్నారు. ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ కరాఖండీగా చెప్పారు, పేరు చెబితేనే ఓటు అని. ఎక్కువమంది ఉత్తరాదివాళ్ళే అనుకోండి. మన వైపు మొగుడి పేరు చెప్పడానికి సిగ్గుపడతారు గాని, తన పేరు చెప్పుకోవడానికి అంత బెంగ లేదు. అయినా ఆ మాట విన్నప్పుడల్లా నాకు అనిపిస్తుంది, ‘మేము’ అని చెప్పేముందు ‘నేను’ అని చెప్పడం రావాలి కాబోలు అని.

చెప్పడం వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ ఎన్నికల్లో పాతబస్తీ శాలిబండ నుంచి మాసూమా బేగం, ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి, బాన్సువాడ నుంచి సంగం లక్ష్మీబాయి హైదరాబాదు శాసనసభకి గెలిచి వచ్చారు. నల్గొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయి. రాజ్యాంగం రాసేటప్పుడు అడగని జనం, అడగ్గానే ఎంత గట్టిగా జవాబు చెప్పారో చూడండి. పాలించేవారినే కాదు, వాళ్ళని ఎదిరించేవారినీ ఆ పుస్తకం ఇచ్చిన ఓటుతోనే సభలోకి పంపారు. అంతకన్నా ఆమోదం ఏముంటుంది?

దుర్గాబాయమ్మ తరువాతి రోజుల్లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ అయి, చివరి ఏళ్ళు హైదరాబాదులోనే గడిపి, 1981లో కన్నుమూశారు. విద్యానగర్‌లో ఆవిడ పెంచిన ఆంధ్ర మహిళా సభ ఇప్పటికీ ఉంది. రాజ్యాంగసభలో మద్రాసు తరఫున కూర్చున్న మనిషి, అక్కడ మనిషే లేని హైదరాబాదుకి వచ్చి ఆడపిల్లలకి చదువు చెప్పించారు. ఆ పదహారు కుర్చీల్లో ఒకటి అలా నిండిందని నేను సరిపెట్టుకుంటాను. మిగిలినవి నింపాల్సింది ఓటు వేసి వేలిమీద సిరా చుక్కతో ఇంటికొచ్చే మనమే. ఈసారి ఎన్నికలప్పుడు, ఎండగా ఉంది, రేపు చూద్దాంలే అని ఇంట్లో ఎవరైనా బద్ధకిస్తే, ఓటు వేయడానికి ఈ ఊరివాళ్ళు ఎన్నాళ్ళు ఆగాల్సి వచ్చిందో ఒక్కసారి చెప్పండి. చెప్పులు తొడుక్కుని వాళ్ళే ముందు బయల్దేరతారు.